కొండ జీపుకు కొత్త గుండె

పిల్లలూ, విశాఖపట్నం నుంచి అరకు లోయకు రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటేదాకా బండికి కష్టమేమీ లేదు. ఆ తరవాత ఘాట్ రోడ్డు మొదలవుతుంది. ఒకపక్క కొండ, ఇంకోపక్క లోయ, మధ్య మెలికలు తిరిగే దారి. అనంతగిరి కాఫీ తోటలు దాటి, సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు చేరాలి.

ఆ కొండల్లో సంతరోజున ఒక పాత జీపు కనిపిస్తే ఆగి చూడండి. దానికి తలుపులు లేవు, పైన గుడ్డ కప్పు. లోపల మనుషులు, పసుపు బస్తాలు, అల్లం గంపలు, అడ్డాకుల కట్టలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. ఎంతమంది ఎక్కాలని కంపెనీవారు అనుకున్నారో, ఆ లెక్క సంతనాడు ఎవరికీ గుర్తుండదు!

ఈ జీపు పుట్టిల్లు అమెరికా. రెండవ ప్రపంచయుద్ధంలో సైన్యం కోసం అక్కడ 6 లక్షలకు పైగా జీపులు తయారైనాయి. 1947లో మన దేశంలో మహీంద్రావారు విల్లీస్ కంపెనీ జీపుల విడిభాగాలు తెప్పించి, ఇక్కడ బిగించసాగారు. యుద్ధకాలపు జీపు ఇంజను పెట్రోలుతో నడిచేది. దాని బలం 60 గుర్రాలు.

అయితే ఇప్పుడు మిగిలిన పాత జీపుల్లో చాలావాటి ముందుమూత ఎత్తి చూస్తే ఆ ఇంజను ఉండదు. దాని చోట డీజిలు ఇంజను ఉంటుంది. అమెరికాలో పాత రెండు తలుపుల కార్లకు పెద్ద ఇంజను బిగించుకునే సరదా కొందరికి ఉంది. అది వేగం కోసం. మన జీపువాడికి వేగంతో పనేముంది? మలుపు మలుపుకూ హారను కొట్టుకుంటూ పోవలసినవాడే గదా! గుర్రాల బలం పెరగకపోయినా ఫరవాలేదు. పెట్రోలు ఖర్చు తగ్గితే నాలుగు డబ్బులు మిగులుతాయి.

డీజిలు ఎందుకు తక్కువ తాగుతుంది? సైకిలు పంపుతో గబగబా గాలి కొట్టి, దాని అడుగు భాగం ముట్టుకుని చూడండి, వేడిగా ఉంటుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. పాత పెట్రోలు ఇంజను ఆరున్నర పాళ్ళ గాలిని ఒక పాలుగా నొక్కేది. నిప్పురవ్వ వేస్తేగాని పెట్రోలు అంటుకోదు. డీజిలు ఇంజను ఇరవై పాళ్ళ దాకా నొక్కుతుంది. ఆ వేడికి, చిమ్మిన డీజిలు నిప్పురవ్వ లేకుండానే భగ్గుమంటుంది. అంత గట్టిగా నొక్కినందువల్లే చుక్క చుక్కలోనూ ఎక్కువ పని దొరుకుతుంది. 1897లో రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మను ఇంజనీరు దీన్ని నడిపి చూపించాడు.

ఇంజను మార్చడమంటే చొక్కా మార్చినట్టు కాదు. డీజిలు ఇంజను బరువు. ముందు స్ప్రింగులు ఆ బరువు మొయ్యాలి. పాత గేరుపెట్టెకూ కొత్త ఇంజనుకూ కన్నాలు కలవవు. నడుమ ఒక ఇనపపలక కోయించి బిగించాలి. అది వెంట్రుకవాసి పక్కకు జరిగినా గేరుపెట్టె అరిగిపోతుంది. ఇంజను మార్చినట్టు రవాణా శాఖకు చెప్పి, బండి కాగితాల్లో రాయించుకోవాలి. ఇంజను నంబరు మారినా, చట్రం మీద చెక్కిన నంబరు మాత్రం మారదు. సర్కారు లెక్కలో అది పాత జీపే.

ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు. నిండుబండి అనంతగిరి నుంచి దిగేటప్పుడు అదేపనిగా బ్రేకు తొక్కితే బ్రేకులు కాగిపోయి పట్టు వదులుతాయి. అందుకని తెలిసిన డ్రైవరు చిన్న గేరులోనే దిగుతాడు. అప్పుడు చక్రాలు ఇంజనును తిప్పవలసివస్తుంది, ఇంజను వాటిని వెనక్కి పట్టి ఉంచుతుంది. ఖర్చు మిగులుతుందని ఇంజను మార్చి, బ్రేకులు పాతవే ఉంచిన జీపు ఎక్కడానికి పనికివస్తుందేమోగాని, దిగడానికి పనికిరాదు.

ఈసారి అలాంటి జీపు ఎక్కితే, దిగే దారిలో చెవి ఒగ్గి వినండి. కాలు బ్రేకు మీద లేకపోయినా ఇంజను గుర్రుమంటూ ఉంటుంది. అది మీ బండిని పట్టి ఆపుతున్న చప్పుడు.