చేపల రేవు చూడకుండా విశాఖ చూశామనకండి

విశాఖ చూసొచ్చినవాళ్లంతా కలిసి నా దగ్గర ఒక సంగతి దాచేశారు. ఆర్కే బీచ్ గురించి చెప్పారు, కైలాసగిరి గురించి చెప్పారు, సబ్‌మెరైన్ ముందు దిగిన ఫొటోలు వాట్సాప్‌లో పెట్టి మరీ చెప్పారు. అదే బీచ్ రోడ్డుకు దక్షిణం కొసన ఇంత పెద్ద చేపల రేవు ఉందనీ, తెల్లారకముందే అక్కడ కాలు పెట్టే సందు ఉండదనీ ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పలేదు! మాది నిజామాబాద్. మాకు చేప అంటే చెరువు చేప. బొచ్చె, రవ్వు, చేతిలో డబ్బులాడితే కొర్రమీను. సముద్రం చూడటమే నాకు మొదటిసారి. ఆటో ఎక్కి బీచ్‌కి పోనివ్వమంటే, "బీచ్ ఎక్కడికి పోద్ది సార్, ఈ టైంలో హార్బర్ చూడాలి" అన్నాడు ఆటో ఆయన. ఆయన చల్లగా ఉండాలి.

గేటు దగ్గర ముందు వాసన తగులుతుంది. నిజం చెప్పాలంటే కాసేపు ముక్కు మూసుకున్నాను. తర్వాత మూసుకునే తీరిక దొరకలేదు. జెట్టీ పొడుగునా మరపడవలు వందల్లో ఉన్నాయి. ఒకదాని పక్కన ఒకటి, దాని వెనక ఇంకొకటి, మధ్యలో నీళ్లు కనపడనంత దగ్గరగా కట్టేశారు. ఈ పడవ మీంచి ఆ పడవ మీదికి దూకుతూ అవతలి దాకా పోవచ్చు. కుర్రాళ్లు పోతున్నారు కూడా, భుజాన వలతో. ముందు భాగాన దేవత పేరో ఏసు పేరో, దాని కింద ఐఎన్‌డి ఏపీ అని మొదలయ్యే నంబరు. ఎదురుగా, నీళ్లకు అవతల, డాల్ఫిన్ నోస్ కొండ. ఇంత ఇరుగ్గా ఉండబట్టే 2023 నవంబరు 19 రాత్రి ఇక్కడ మంటలు లేచినప్పుడు ఒకదాన్నుంచి ఒకటి అంటుకుని 40 దాకా పడవలు కాలిపోయాయి. ఆ రాత్రి మా ఇంట్లో టీవీలో చూశాను. ఊరి పేరు తప్ప ఏమీ పట్టించుకోలేదు అప్పుడు.

ఒక్కో బోటు ఏడెనిమిది మందితో పది పదిహేను రోజులు వేటకు పోతుందట. డీజిలు, బియ్యం, మంచినీళ్లు, అన్నిటికంటే ముఖ్యంగా ఐసు. మనిషంత ఐసు దిమ్మల్ని మిషన్లో వేసి పొడి చేసి బోటు కడుపులోకి పంపుతుంటే నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఒక పక్క ఐసు ఎక్కుతోంది, పక్క బోటులోంచి అదే ఐసుతో చేపలు దిగుతున్నాయి.

ఇక వేలంపాట! చేపల కుప్ప నేల మీద పోస్తారు. చుట్టూ జనం గుమిగూడతారు. పాడేవాడు ఊపిరి తీయకుండా అంకెలు చెప్తూ పోతాడు. కొనేవాళ్లు మాట్లాడరు, కనుబొమ్మ ఎగరేస్తారు, వేలు కదుపుతారు. నిమిషంలో కుప్ప ఎవరిదో తేలిపోతుంది. ఎలా తేలిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. వంజరం, చందువ, నెత్తళ్లు, టేకు, వెండి బెల్టుల్లా పొడుగ్గా మెరిసే సావళ్లు, పిల్ల సొరలు. మంచి రొయ్యను వేరే ఏరి పెడుతున్నారు, అది విదేశాలకు పోయే సరుకు.

ఫోను పట్టుకుని తిరుగుతుంటే తట్ట ముందు కూర్చున్న ఒకావిడ ఆపింది. "ఏటి బాబూ, అలా సూత్తావేటి? కొంటావా, ఫొటోలు తీసుకుంటావా?"

"ఇదేం చేప అక్కా?"

"కానాగంత." నా మొహం చూసి జాలిపడినట్టుంది. ఒకటి తీసి మొప్ప ఎత్తి చూపించింది. లోపల ఎర్రగా, తడిగా ఉంది. "ఇలాగుంటే కొను. నల్లగుంటే ఒగ్గీ. కన్ను సూడు, మసకగుందా? లేదు గదా." బొటనవేలితో పొట్ట నొక్కింది. గుంట పడలేదు, వెంటనే పైకి లేచింది. మా ఊరి బజార్లో ఇన్నేళ్లు చేపలు కొన్నాను, ఇంత పాఠం ఎవరూ చెప్పలేదు. కిలో కొన్నాను. పక్కనే కత్తిపీటతో కూర్చున్నావిడ నేను డబ్బులు లెక్కపెట్టేలోపు శుభ్రం చేసి సంచిలో వేసింది. మేం దిగిన చోట వంటాయన చింతపండు పులుసు పెట్టాడు. అన్నం మళ్లీ వండాల్సొచ్చింది.

సాయంత్రం బీచ్‌కీ వెళ్లాం. కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వంగి దూరి చూశాం. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో ఒడ్డున మ్యూజియమైంది. బాగుంది, కాదనను. కానీ అది రిటైరైన పడవ. పొద్దున చూసినవి ఇంకా డ్యూటీలో ఉన్నాయి.

వెళ్లేవాళ్లకు రెండు మాటలు. చెప్పులు జారతాయి, బూట్లు వేసుకోండి, అవి తడుస్తాయని ఏడవకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వెళ్లకండి. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతా ఆ 61 రోజులు మరపడవల వేట ఆపేస్తారు. బోట్లుంటాయి గానీ పాట ఉండదు.

రేపటి అరకు రైలు టికెట్లు రద్దు చేశాం. మా ఆవిడకు వంజరం కావాలట, వేలం పాడి తనే కొంటుందట.