వేలు వినిపించని తీగ

లక్క రికార్డుకి స్పిరిట్ తగలకూడదు. పాత గ్రామఫోను ప్లేట్లు పోగుచేసేవాళ్లకి ఇది మొదటి పాఠం. నాకు మాత్రం ఒక ప్లేటు పాడయ్యాకే తెలిసింది. టేప్ రికార్డర్ హెడ్ తుడిచే అలవాటు కొద్దీ దూదిని స్పిరిట్‌లో ముంచి 78 ఆర్‌పీఎం ప్లేటు మీద రుద్దాను. నల్లటి మెరుపంతా దూదికి అంటుకొచ్చింది. గాడి మెత్తబడి పూడిపోయింది. ఛత్తీస్‌గఢ్‌లో ఉంటూ ఆ పని చేశాను! ఈ అడవుల్లో మోదుగ చెట్ల మీదా రేగు చెట్ల మీదా లక్క పురుగుని పెంచుతారు. వడ్రంగులు పాలిష్ కోసం లక్కని స్పిరిట్‌లో కరిగించడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. గ్రామఫోన్ కంపెనీ 1908లో కలకత్తాలో ఫ్యాక్టరీ పెట్టడానికి ఒక కారణం ఆ లక్క మన దగ్గర దొరకడమే. తెలిసిన విషయమే అవసరానికి తట్టలేదు.

అప్పుడు పోయింది ఒక్క ప్లేటు. అంతకన్నా పెద్ద నష్టం కంప్యూటర్ ముందు కూర్చుని చేశాను.

మా భిలాయి ఉక్కు కర్మాగారం సంగతి తెలిసిందే. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్. సోవియట్ ఇంజనీర్లు కుటుంబాలతో వచ్చారు, పని ముగిశాక వెళ్లారు. వెళ్తూ వెళ్తూ ఒకాయన తన రికార్డుల పెట్టెని తోటి ఉద్యోగికి ఇచ్చాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే రిటైరైన ఆ పెద్దాయన వాటిని ఏళ్ల తరబడి జాగ్రత్త చేసి, చివరికి సీడీ చేసిపెట్టమని నా చేతికిచ్చారు. అందులో చైకోవ్‌స్కీ నాలుగో సింఫనీ ఉంది.

పన్నెండంగుళాల 78 ప్లేటు ఒక వైపు నాలుగైదు నిమిషాలకి మించి పట్టదు. అందుకే సింఫనీ ముక్కలు ముక్కలుగా ఉంటుంది. 1913లో ఆర్థర్ నికిష్ బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌తో బీథోవెన్ అయిదో సింఫనీ రికార్డు చేసినప్పుడు మైకే లేదు. వాద్యాల శబ్దమంతా కొమ్ముబూర లాంటి గొట్టంలోకి వెళ్లి నేరుగా సూదిని కదిపేది. 1925లో మైకు వచ్చాక వయొలిన్ల పైస్థాయి ధ్వనులు కూడా గాడిలోకి ఎక్కాయి. చిక్కల్లా, ప్లేటు ‘స్‌స్‌’ మనే గరగర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. గరగర తీస్తే ఆ ధ్వనులూ పోతాయి.

రోలింగ్ మిల్లులో పనిచేసినవాణ్ణి. బేరింగు నుంచి కొత్త చప్పుడు వస్తే అది లోపమే, వెతికి తీసెయ్యాలి. ఆ బుద్ధితోనే సాఫ్ట్‌వేర్ పట్టాను. గరగర తగ్గించే మీటని చివరిదాకా తోశాను. ‘టప్ టప్’ శబ్దాలు ఏరేసే మీటనీ అలాగే. అంతా నిశ్శబ్దంగా వచ్చేసరికి పొంగిపోయాను. డిస్కులో చోటు చాలడం లేదని, ముందు ఎక్కించిన ముడి ఫైళ్లు చెరిపేశాను. ప్లేట్లు, సీడీ పెద్దాయన ఇంటికి చేర్చాను.

ఆయన మూడో భాగం పెట్టమన్నారు. ఆ భాగంలో తీగవాద్యాల వాళ్లెవరూ కమాను తాకరు. అందరూ తీగల్ని వేళ్లతోనే మీటుతారు. కళ్లు మూసుకుని విన్నారు. “శుభ్రంగా ఉంది తమ్ముడూ. తీగ వినిపిస్తోంది గానీ వేలు వినిపించడం లేదు,” అన్నారు.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఇంటికొచ్చి ఈమని శంకరశాస్త్రి గారి వీణ పెట్టుకుని విన్నాను. మీటు పడ్డ క్షణంలో గోరు తీగని వదిలే ‘టక్’ ఒకటుంటుంది. స్వరం దాని వెనక పుడుతుంది. సాఫ్ట్‌వేర్‌కి ఆ టక్కూ, ప్లేటు మీద గీతా ఒకటే. యాభై మంది వేళ్లు వదిలిన మీట్లన్నిటినీ గీతలనుకుని అది నున్నగా చెక్కేసింది. అలా చెక్కమని మీట తోసింది నేనే. ప్రతి భాగం చివరా వాద్యాలు ఆగాక హాలులో ఒక్క క్షణం నిలిచే మోతని కూడా గరగర కింద జమకట్టి కోసేసింది.

మళ్లీ ఎక్కిద్దామని వెళ్లేసరికి పెద్దాయన క్వార్టరు ఖాళీ చేస్తున్నారు. సామాన్ల బండిలోంచి రికార్డుల పెట్టె కింద పడింది. లక్క ప్లేటు పడితే గాజులా పగులుతుంది. కొన్ని మిగిలాయి, నాలుగో సింఫనీ మిగల్లేదు. ముడి ఫైళ్లుంటే ఆ సంగీతం దక్కేది. వాటిని చెరిపింది నేనే అని ఆయనకి చెప్పాను. ఏమీ అనలేదు. మిగిలిన ప్లేట్లు నాకే ఇచ్చేశారు.

ఇప్పుడు ఎవరు ప్లేటు తెచ్చినా స్పిరిట్ ముట్టను. డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల మెత్తటి సబ్బు కలిపి, లేబులు తడవకుండా, గాడి వెంట తుడుస్తాను. ఎల్పీ సూది 78 గాడి అడుగుకి దిగి మురికిని తవ్వుతుంది. అందుకని దాదాపు మూడింతలు లావుండే సూది వేస్తాను. 24 బిట్లలో ముడి ఫైలు ఎక్కించి రెండు డిస్కుల్లో దాచాకే మీటల జోలికి వెళ్తాను. సాఫ్ట్‌వేర్ తీసేసిన చప్పుడుని విడిగా వింటాను. అందులో పాట ఛాయ వినిపిస్తే మీట వెనక్కి లాగుతాను. ఏ మీట ఎంత తోశానో ఫైలుతో పాటు రాసి పెడతాను. నా నాలుగో సింఫనీ సీడీ కవరు మీద కూడా రాశాను: “అతిగా శుభ్రం చేసినది, ముడి ప్రతి లేదు.”