బ్రేక్ ఆయిల్ మార్చారా?

కొత్త కారు కొన్నవాణ్ణి మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఎంత ఇస్తుంది?" అని. మైలేజీ సంగతి. కాస్త కార్ల పిచ్చి ఉన్నవాళ్ళయితే "ఎంత పోతుంది?" అంటారు. పికప్ ఎలా ఉంది, బీహెచ్‌పీ ఎంత, రీమ్యాప్ చేయించావా, సైలెన్సర్ మార్చావా అని ఆరా తీస్తారు. ఎలా ఆగుతుందని అడిగేవాడు మాత్రం ఎక్కడా కనపడడు. ఒళ్ళు మండించే అశ్రద్ధ ఇది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద రాత్రిపూట రెండొందలు ముట్టానని స్పీడోమీటర్ ఫొటో చూపించే కుర్రాడికి తన కారు బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో తెలియదు. ఆ రోడ్డు మీద గరిష్ఠ వేగం 120. అక్కడ రెండొందలు పోవడంలో పనితనమేమీ లేదు. తిన్నటి రోడ్డు మీద యాక్సిలరేటర్ తొక్కడం ఎవరికైనా వచ్చు.

అలాంటివాణ్ణి ఒక్కసారి ట్రాక్ డేకి తీసుకెళ్ళాలి.

ట్రాక్ డే అంటే రేసు కాదు. కప్పులుండవు, స్టాండులో జనం ఉండరు. సోమవారం ఆఫీసుకు వెళ్ళే కారునే ఆదివారం రేస్ ట్రాక్ మీదికి తెచ్చి, డబ్బు కట్టి, విడతకు పదిహేను ఇరవై నిమిషాల చొప్పున నడుపుకుంటారు. మన వైపువాళ్ళకు పాత అలవాటు చెన్నై శివార్లలోని ఇరుంగాట్టుకోట్టై. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళ 3.7 కిలోమీటర్ల ట్రాక్ అది. ఇప్పుడు దాని పేరు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. హైదరాబాద్ నుంచి నెల్లూరు మీదుగా 600 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి, కళ్ళు ఎర్రగా దిగి, ముందుగా చేసే పని కారు ఖాళీ చేయడం. స్టెప్నీ, జాకీ, చెప్పులు, డాష్‌బోర్డు మీది వినాయకుడు, అన్నీ బయటికి. సీటు కింద మరిచిపోయిన నీళ్ళ సీసా ఒక్కటి చాలు; మలుపులో దొర్లి బ్రేక్ పెడల్ కిందికి చేరిందంటే ఇక తొక్కడానికేమీ ఉండదు. తర్వాత హెల్మెట్, జెండాల పాఠం: పసుపు ఊపితే ముందు ప్రమాదం, ఎరుపైతే అందరూ నెమ్మదిగా లోపలికి, నీలమైతే వెనక వేగంగా వస్తున్నవాడికి దారి. మామూలు మోటారు పాలసీ రేసింగుకూ వేగ పరీక్షలకూ వర్తించదు. గోడకు కొడితే సొంత జేబే.

ఇక బ్రేకుల సంగతి.

1,100 కిలోల కారు 160లో వస్తూ మలుపు ముందు 80కి దిగాలంటే అందులోని గతిశక్తిలో ముప్పావు భాగం ఎక్కడికో పోవాలి. దాదాపు అంతా నాలుగు చక్రాల దగ్గర వేడిగా మారుతుంది. ఒక్కసారి బ్రేకు తొక్కితే పుట్టే ఆ వేడి రెండున్నర లీటర్ల నీళ్ళను మరుగుకు తేవడానికి సరిపోతుంది. ఊళ్ళో తిరిగే కారుకు ఈ అవసరం ఎప్పుడో ఒకసారి వస్తుంది, తర్వాత డిస్కు చల్లారడానికి బోలెడంత వ్యవధి. ట్రాక్ మీద ప్రతి చుట్టులోనూ మలుపు మలుపుకీ ఇదే. చల్లారే లోపే మళ్ళీ తొక్కుడు.

బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 రకం కొత్తగా పోసినప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అదే నాలుగు శాతం లోపు నీళ్ళు చేరితే, 155 దాకా ఆగితే చాలంటుంది ఆ ప్రమాణమే. రెండు మూడు వర్షాకాలాలు చూసిన ఆయిల్‌తో ట్రాక్ మీదికి వెళ్ళినవాడు మూడో చుట్టుకో నాలుగో చుట్టుకో, డిస్కును ప్యాడ్లతో నొక్కే కాలిపర్ దగ్గర దాన్ని మరగబెడతాడు. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. పెడల్ మెత్తబడి, ఆ పైన నేలకు దిగిపోతుంది. మలుపు ముందున్న 100 మీటర్ల బోర్డు దాటిపోయాక అది జరిగితే ఎంత బీహెచ్‌పీ ఉన్నా ఎందుకూ కొరగాదు. పెడల్‌ను గబగబా రెండు మూడు సార్లు కొట్టి కొంత ఒత్తిడి తెచ్చుకోవాలి, గేర్లు దించాలి, లేదంటే మట్టిలోకి పోనివ్వాలి. కొన్ని వందల రూపాయల ఆయిల్ కోసం ఇంత కథ. అలాయ్ వీల్స్‌కు వేలకు వేలు పోసినవాడు దీనికి పీనాసితనం చూపించడాన్ని క్షమించడం కష్టం.

ఇంకో పొరపాటు విడత ముగిశాక జరుగుతుంది. చివరి చుట్టు మెల్లగా తిరిగి బ్రేకులకు గాలి ఆడనివ్వాలి. తొందరపడి నేరుగా లోపలికొచ్చి, అలవాటు కొద్దీ హ్యాండ్ బ్రేక్ లాగితే కాగుతున్న డిస్కుకు ప్యాడ్ అంటుకుంటుంది. ఇంటికి తిరుగు ప్రయాణంలో బ్రేకు వేసినప్పుడల్లా కారు వణుకుతుంది. తెలిసినవాళ్ళు గేర్‌లో వదిలేసి చక్రం కింద రాయి పెడతారు.

మిగతా గొడవలు చిన్నవే. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీద కాలు ఒక్కసారిగా తీస్తే బరువంతా ముందుకు వాలి, తేలికపడిన వెనక చక్రాలు పట్టు జారి కారు గిర్రున తిరుగుతుంది. తిరిగినవాడు క్లచ్చూ బ్రేకూ రెండూ తొక్కిపట్టి ఆగిపోవాలి. దిద్దబోతే ఇంకా చెడుతుంది. మట్టి నుంచి బయటపడి వచ్చిన కారు చుట్టూ అందరూ చేరతారు. బంపర్లో ఇరుక్కున్న గడ్డి పీకేవాడొకడు, నట్లు మళ్ళీ బిగించేవాడొకడు. ఇందాక నీలం జెండా చూపించినా దారివ్వలేదని గొణిగినవాడే తన టార్క్ రెంచ్ తెచ్చిస్తాడు.

రేసు కాకపోయినా, ట్రాక్ డే ఇచ్చే అసలు ఆనందం పెద్ద కారుకూ చిన్న కారుకూ మధ్య సాగే సరదా పోటీలో ఉంది. తిన్నటి దారిలో పెద్ద జర్మన్ సెడాన్ దూసుకుపోతుంది. మలుపు వచ్చేసరికి దాని బరువే దానికి అడ్డు. పాత స్విఫ్ట్ దాని వెనక బంపర్ దగ్గరికి చేరి అద్దంలో కనపడుతూ ఉంటుంది. చుట్టు చుట్టుకీ ఇదే తంతు. విడత అయ్యాక సెడాన్ యజమాని హెల్మెట్ తీసి, "ఏంటన్నా, వదలవా నన్ను?" అంటూ వచ్చి ఆ స్విఫ్ట్ టైర్లు వంగి చూస్తాడు. గాలి ఎంత పెట్టావు, ఏ ప్యాడ్లు వేశావు అని అడుగుతాడు. ఇప్పటికి సరైన ప్రశ్న వచ్చింది.

బండి కన్నా నడిపే చెయ్యి ముఖ్యమని చూపిన చోటు జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్. దాని పాత ట్రాక్ 20.8 కిలోమీటర్లు. అక్కడ మామూలు జనం కూడా టికెట్టు కొని తమ కార్లు నడపొచ్చు. ఆ ట్రాక్ పక్కనే నూర్‌బుర్గ్ ఊళ్ళో పెరిగిన సబీన్ ష్మిత్స్ అక్కడి 24 గంటల రేసును 1996లోనూ 1997లోనూ గెలిచింది. టాప్ గేర్ కార్యక్రమంలో జెరెమీ క్లార్క్‌సన్ డీజిల్ జాగ్వార్‌తో కిందామీదా పడి 9 నిమిషాల 59 సెకన్లలో ఒక చుట్టు పూర్తిచేస్తే, ఈ పాటి సమయం సరుకులు మోసే వ్యానుతోనూ సాధిస్తానందామె. అన్నట్టే ఫోర్డ్ ట్రాన్సిట్ తీసుకొచ్చింది. దారిలో కొన్ని స్పోర్ట్స్ కార్లను దాటుకుంటూ 10 నిమిషాల 8 సెకన్లలో ముగించింది. తొమ్మిది సెకన్లు తక్కువపడ్డాయి కానీ చూసినవాళ్ళకు గుర్తుండిపోయింది ఆ వ్యానే. 2021లో ఆమె పోయినప్పుడు అందరూ తలుచుకున్నదీ దాన్నే.

మన వైపూ ఇలాంటి కథలున్నాయి. ఇరుంగాట్టుకోట్టైకి నెల్లూరు మీదుగా వెళ్ళేవాళ్ళకు చెన్నై ఇంకా చేరకముందే షోలవరం తగులుతుంది. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే అక్కడిది. యాభైల నుంచి ఎనభైల చివరి దాకా మద్రాసు రేసులంటే అక్కడే. ఫియట్లు, అంబాసిడర్లు, మారుతీలు, బెంగళూరులో తయారైన సిపానీ డాల్ఫిన్. ఆ డాల్ఫిన్‌ను రోడ్డు మీద జనం పెద్దగా ఆదరించలేదు. రెండు తలుపులు, 848 సీసీ ఇంజను, ఫైబర్ బాడీ. కానీ తేలిక కావడంతో రేసులవాళ్ళు, ర్యాలీలవాళ్ళు దాన్ని ఎగరేసుకుపోయారు.

ఆ కాలపువాళ్ళలో అందరికన్నా ఎక్కువగా తలుచుకోవాల్సిన మనిషి ఎస్. కరివర్ధన్. కోయంబత్తూరులో ఇంట్లో తెలుగు మాట్లాడే నాయుళ్ళు నూలు మిల్లులు పెట్టారు, మోటార్లు చేశారు, బస్సులు నడిపారు. ఆయనా అక్కడి మిల్లుల కుటుంబంవాడే. తాను నడిపి గెలవడంతో ఆగకుండా ఇతరులు నడపడానికి కార్లు కట్టాడు. మారుతీ 800 ఇంజనును, అదే 796 సీసీదాన్ని, తేలికపాటి ఒంటి సీటు కారులో బిగించి ఫార్ములా మారుతీ తెచ్చాడు. విదేశీ కారు తెప్పించుకునే తాహతు లేని కుర్రాళ్ళకు అదే మొదటి మెట్టయింది. 2005లో ఫార్ములా వన్‌కు చేరిన తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ కూడా ఆ మెట్టెక్కినవాడే. కరివర్ధన్ 1995లో చిన్న విమానం కూలి చనిపోయాడు. కోయంబత్తూరు దగ్గరి చెట్టిపాళయంలో తేలికపాటి విమానాలు ఎగరేసిన రన్‌వే ఉన్నచోటే ఇప్పుడు ఆయన పేరుతో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. 2.1 కిలోమీటర్లు, తిన్నటి దారి తక్కువ, మలుపులు ఎక్కువ. చిన్న కార్లకు అక్కడ ఎదురుండదు.