బిందె అడుగు మట్టికీ ఓ ఊరుంది!

కుళాయిలు రాకముందు గోదావరి గట్టు ఊళ్లలో తాగడానికి ఏటి నీళ్లే. ఆషాఢంలో ఎర్రనీరు వచ్చిందంటే ఆడవాళ్లు చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపేవారు. రాత్రంతా కదపకుండా ఉంచితే తెల్లారేసరికి పైన తేటనీరు, అడుగున చారెడు ఒండ్రు. నీళ్లు వంచుకుని ఆ ఒండ్రును పెరట్లో అరటిచెట్టు మొదట్లో పారబోసేవారు. ఆ మట్టికీ ఓ ఊరుంటుందని, అది ఏ కొండ అరిగితే వచ్చిందో చెప్పొచ్చని అప్పట్లో ఎవరైనా అంటే నవ్విపోయేవారే.

కానీ చెప్పొచ్చు. అదీ పదివేల ఏళ్ల కిందటి మట్టి గురించి!

గోదావరి దారిలో ప్రధానంగా రెండు రకాల రాళ్లున్నాయి. నాసిక్ దగ్గర త్రయంబకేశ్వరంలో పుట్టిన నది మహారాష్ట్రలో చాలా దూరం నల్లరాతి మీద నడుస్తుంది. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపలి నుంచి పొంగి గడ్డకట్టిన లావా అది. పత్తి పండే నల్లరేగడికి తల్లి ఆ రాయే. నది పరీవాహక ప్రాంతంలో ఇంచుమించు సగం ఇదే. తెలంగాణలోకి వచ్చాక పాపికొండల దాకా ఎక్కువగా తగిలేవి వంద కోట్ల ఏళ్లు ఏనాడో దాటేసిన ముసలి రాళ్లు. ఎండకు పగిలి, వానకు నాని, పిండి అయిపోయి సముద్రంలో చేరాక ఏది ఎక్కడిదో కంటికి తెలియదు. ఆ తేడా పట్టిచ్చేది నియోడిమియం.

పేరు చూసి బెదరక్కర్లేదు. సెల్‌ఫోన్ స్పీకర్లోని అయస్కాంతంలో ఉండే లోహమే ఇది. ఒకే లోహంలో బరువు తేడా ఉన్న రకాలను ఐసోటోపులంటారు. వీటిలో 143 రకం నియోడిమియం, సమారియం అనే మరో మూలకం క్షీణించడం వల్ల కొద్దికొద్దిగా పెరుగుతూ ఉంటుంది. ఎంత నెమ్మదిగా అంటే, ఆ సమారియం సగానికి తగ్గాలంటే 10,600 కోట్ల ఏళ్లు కావాలి. భూమి వయసే సుమారు 450 కోట్లు! ఖండాల మీది పాత రాళ్లలో సమారియం వాటా తక్కువ. అందుకే వాటిలో 143 రకం పెద్దగా పెరగలేదు. భూమి లోపలి పొరలో ఆ వాటా ఎక్కువ. అక్కడి నుంచి నిన్నగాక మొన్న (భూమి లెక్కలో 6.6 కోట్ల ఏళ్లంటే మొన్నే మరి) వచ్చిన దక్కన్ లావాలో 143 రకం పాలు ఎక్కువ. రాయి నలిగి బురదైనా ఈ నిష్పత్తి మాత్రం చెక్కుచెదరదు. ఇంటిపేరు లాంటిది.

2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే తవ్వకాల ఓడ కృష్ణా గోదావరి బేసిన్‌కు వచ్చింది. వెతికింది మట్టి కోసం కాదు, సముద్రగర్భంలో మంచులా గడ్డకట్టిన మీథేన్ కోసం. అప్పుడు గోదావరి ముఖద్వారానికి ఎదురుగా, 1,200 మీటర్లకు పైగా లోతున, గొట్టం దింపి తీసిన బురద స్తంభాల్లో ఒకటి మరో రకం శాస్త్రవేత్తలకు పెన్నిధి అయింది. దాదాపు 11,000 ఏళ్ల గోదావరి చరిత్ర అందులో పొరలు పొరలుగా ఉంది.

అమెరికాలోని వుడ్స్‌హోల్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన కమిలో పాంటన్, లివియు జియోసాన్ తదితరులు దాన్ని చదివారు. ఆకుల మీది మైనం ఆ బురదలో ఇంకా మిగిలే ఉంది. అందులోని కార్బన్ ఐసోటోపులను బట్టి సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి దాకా మధ్య భారతంలో ఎండకు తట్టుకునే మొక్కలు పెరుగుతూ వచ్చాయని 2012లో తేల్చారు. అంటే రుతుపవనాలు నీరసించాయన్నమాట. 2017లో జియోసాన్ బృందం నియోడిమియం లెక్క బయటపెట్టింది. వానలు తగ్గిన ఆ కాలంలోనే సముద్రంలోకి మట్టి ఎక్కువగా వచ్చింది, అందులో దక్కన్ నల్లరాతి వాటా పెరిగింది.

వాన తగ్గితే కోత పెరగడమేమిటి? విచిత్రంగా ఉన్నా మన రైతులకు చెబితే వెంటనే ఒప్పుకుంటారు. గడ్డీ గాదం ఎండిపోయిన చేను మీద ఒక్క కుంభవృష్టి పడితే చాలు, పైమట్టంతా వాగుపాలే. దానికి తోడు నవీన శిలాయుగంలో దక్కన్ మీద మొదలై ఇనుప యుగంలో విస్తరించిన సేద్యం ఆ కోతను ఇంకా పెంచిందని ఈ బృందం అంటోంది.

అదే బురదలో ఇసుక రేణువంత జీవుల గుల్లలూ ఉంటాయి. ఫొరామినిఫెరా అంటారు. ఇవి హిమానీనదాల కథ చెబుతాయి. నీటిలో తేలిక ఆక్సిజన్, బరువు ఆక్సిజన్ రెండూ ఉంటాయి. సముద్రం నుంచి తేలికది ముందు ఆవిరవుతుంది. అది మంచై ధ్రువాల దగ్గర పేరుకుపోతే సముద్రంలో బరువుది మిగులుతుంది, గుల్లలో అదే చేరుతుంది. అలా సుమారు 20,000 ఏళ్ల కిందట మంచు పతాక స్థాయిలో ఉన్నప్పుడు సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేదన్న లెక్కకు ఈ గుల్లలూ సాక్ష్యమిచ్చాయి. ఉత్తర అట్లాంటిక్ అడుగున దొరికిన రాతి ముక్కల సంగతీ ఇలాంటిదే. మంచుకొండలు మోసుకొచ్చి వదిలేసిన ఆ ముక్కల పొరల గురించి 1988లో హార్ట్‌మట్ హైన్రిక్ రాశాడు. వాటిలో చాలావరకు కెనడాలోని హడ్సన్ బే వైపు నుంచి వచ్చాయని తర్వాత ఐసోటోపులే చెప్పాయి.

మళ్లీ గోదావరికి వస్తే, వేల ఏళ్లుగా సముద్రంలోకి పోయి డెల్టాను పెంచిన మట్టి ఇప్పుడు ఆనకట్టల వెనకే ఆగిపోతోంది. శ్రీరాంసాగర్‌ను 112 టీఎంసీల లెక్కన కట్టారు. పూడిక పేరుకుని, తర్వాతి సర్వేల్లో సామర్థ్యం 90కి, ఆపైన 80 టీఎంసీల దగ్గరకు పడిపోయింది. నిజామాబాద్ రైతుకు అవి పోయిన నీళ్లు, కోనసీమ రైతుకు రాని మట్టి. డెల్టా అంచున కొత్త ఒండ్రు తగ్గినకొద్దీ కెరటాలదే పైచేయి. కాకినాడ దగ్గర ఉప్పాడలో తుపాను వచ్చినప్పుడల్లా సముద్రం రోడ్డును కొరికేయడం, అధికారులు మళ్లీ బండరాళ్లు పోయించడం అక్కడివారికి మామూలైపోయింది.