ఉప్పాడ తెప్పకు కొత్త మోటారు

కాకినాడకు ఈశాన్యాన, సముద్రపు కోతకు ఏటేటా నేలను కోల్పోతున్న ఊరు ఉప్పాడ. జమ్దానీ చీరలకు ఈ ఊరు ప్రసిద్ధమే గాని, తీరాన నిలిచినవారికి మొదట కనిపించేవి ఇసుకపై ఆరే తెప్పలు. తెరచాపతో సాగిన ఆంధ్రతీరపు పడవలకు 1980ల నుండి క్రమంగా మోటార్లు అమరాయి. 1979లో మద్రాసు కేంద్రంగా ఆరంభమైన బంగాళాఖాత కార్యక్రమం అందుకు దోహదం చేసింది.

పాత మోటారు అరిగినపుడు కొత్తది ఎంచుకోవడం ప్రాణంతో ముడిపడిన పని. అశ్వశక్తి ఎంత అన్నది పట్నపు ప్రశ్న. ఇక్కడ ముందు చూడవలసింది కాడ పొడవు: 15 అంగుళాలా, 20 అంగుళాలా? కెరటం పడవ వెనుకభాగాన్ని ఎత్తినపుడు పొట్టి కాడ పంకా గాలిలో తిరుగుతుంది. పట్టు తప్పిన పడవ అడ్డం తిరిగితే, మరుకెరటం దానిని బోర్లిస్తుంది. కాడ మరీ పొడవైతే ఒడ్డెక్కేటపుడు పంకా ఇసుకను తాకుతుంది, చప్పున పైకెత్తగలగాలి.

పిదప బరువు. ఫోర్-స్ట్రోక్ మోటారు ఇంధనాన్ని పొదుపు చేస్తుంది, టూ-స్ట్రోక్ తేలిక. కాగితంపై మొదటిదే మేలు. కాని వేట ముగిశాక మోటారును భుజాన మోయవలసి వస్తే, ఆ లెక్క తారుమారవుతుంది. బరువు వలలతో నిండిన తెప్పకు పంకా సైతం వేగానికి గాక ఈడ్పుకు తగినదై ఉండాలి. ఇంత చూసి కొన్న మోటారు బిగించిన తెప్పలోనూ తెడ్లు ఉండవలసిందే.