వంతెన లేని దీవిలో నాలుగు రోజులు

విశ్రాంతి కోసమని బయలుదేరి, మరింత అలసిపోయి ఇల్లు చేరే కుటుంబాలు ఎన్నో! ఒక్క రోజులో నాలుగు చోట్లు చూడాలన్న ఆరాటమే ఇందుకు కారణం. అమెరికాలోని నార్త్ కరోలినాలో ఉన్న మనవారికి ఆ ఆరాటం మాన్పించే చోటు ఆ రాష్ట్రంలోనే ఉంది. అదే ఓక్రకోక్ దీవి.

ఇది అట్లాంటిక్ అలలకు అడ్డుగా నిలిచిన సన్నని ఇసుక దీవి. దీనికి వంతెన లేదు. హాటెరస్ నుండి ఫెర్రీలో సుమారు గంట ప్రయాణం. సీడార్ ఐలాండ్, స్వాన్ క్వార్టర్ రేవుల నుండి రెండు గంటలు దాటుతుంది. అక్కడ కారుకు ముందే చోటు రిజర్వు చేయించుకోవాలి. సముద్రతీరం జాతీయ రక్షిత ప్రాంతం కనుక ఒడ్డున హోటళ్లు లేవు. వసతి ఊళ్లోనే. 1823లో కట్టిన తెల్లని లైట్‌హౌస్ వరకు సైకిలు మీద వెళ్లిరావచ్చు.

వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకొంటే ఖర్చు కలిసివస్తుంది. కాని అక్కడా తల్లే వండి, గిన్నెలు తోముతుంటే ఆమెకు సెలవెక్కడ? బయలుదేరకముందే భర్త, పిల్లలు ఆ పనులు పంచుకోవాలి.

జూన్ నుండి నవంబరు వరకు తుఫానుల కాలం. 2019 సెప్టెంబరు 6న డోరియన్ తుఫానుకు ఊరంతా నీట మునిగింది. ఖాళీ చేయమంటే వెంటనే బయలుదేరండి. సముద్రంలో అలల లాగుడుకు చిక్కితే ఎదురీదక, ఒడ్డు వెంబడి పక్కకు ఈదండి.

ఇక మిగిలిన వేళకు ఏ పథకమూ వేయకండి. ఫెర్రీ కోసం రేవులో అందరూ కలిసి కూర్చున్న గంట కూడా సెలవే.