ఏం బుక్కు నడుస్తున్నది?

ముందు పుస్తకం వెన్ను మీది పాత జిగురును తడిగుడ్డతో నానబెడతాడు. నానిన జిగురును కాగితం చిరగకుండా వేలిగోరుతో కొంచెం కొంచెంగా గీకుతాడు. ఫారాలన్నీ, అంటే కలిపి మడిచిన కాగితాల కట్టలన్నీ, విడదీసి వరసగా పేర్చుకుని, మడత దగ్గర చిరిగిన చోటల్లా పల్చటి కాగితం పట్టీ అంటిస్తాడు. అవి ఆరాక దబ్బనంతో రంధ్రాలు పొడిచి, మైనం రాసిన దారంతో ఒక ఫారాన్ని ఇంకో ఫారానికి ముడివేస్తూ కుట్టుకొస్తాడు. మైదా ఉడికించిన జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపి పెట్టుకుంటాడు, పురుగు పట్టకుండా. బల్మూర్‌లో బట్టలు కుట్టుకుని బతికే ఈ పెద్దమనిషి చేతుల్లో నేను చూసిన పుస్తకం వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’. దాని అట్ట ఎప్పుడో పోయింది. ముందు పేజీలను చెదలు తినేశాయి. ఆ పేజీలను ఇంకో ప్రతి నుంచి జిరాక్స్ తీయించి, కొలతకు కత్తిరించి, మొదటి ఫారంలో కలిపి కుట్టేశాడు. చివర అట్ట వేసే ముందు నాలుగు తెల్ల కాగితాలు చేర్చాడు.

"అవి ఎందుకు మాస్టరూ?" అని అడిగాను.

"చదివినోళ్లు రాయాలె గదా," అన్నాడు తలెత్తకుండానే.

నిజానికి ఎడిటర్ గారు నన్ను పంపింది జినుకుంటకు. బల్మూర్ మండలంలోని ఆ ఊళ్లోనే 1928 మార్చి 31న కపిలవాయి లింగమూర్తి గారు పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోతే అమ్రాబాద్‌లో మేనమామ దగ్గర పెరిగారు. ఆ తర్వాత నాగర్‌కర్నూల్‌లో స్థిరపడి తెలుగు పాఠాలు చెప్పారు. పాలమూరు గుళ్లూ గుట్టలూ శాసనాలూ ఊళ్ల చరిత్రలూ పట్టుకుని దశాబ్దాల పాటు తిరిగారు. ‘పాలమూరు జిల్లా దేవాలయాలు’, ‘సాలగ్రామ శాస్త్రం’, ‘మాంగళ్య శాస్త్రం’, ‘ఆర్యా శతకం’... అలా డెబ్బైకి పైగా పుస్తకాలు రాసి 2018 నవంబర్‌లో కన్నుమూశారు. ఆయన పుట్టిన నేల ఎలా ఉందో చూసి రమ్మన్నారు ఎడిటర్ గారు. బల్మూర్‌లో దిగగానే ఊరి సారు ఒకాయన, "జినుకుంట యాడికి పోదు గానీ, ముందు మా మాస్టరును చూడండి" అంటూ ఆ దర్జీ కొట్టు అరుగెక్కించారు. నా మనసు అక్కడే ఉండిపోయింది.

మాస్టరు పాలమూరులో చాలామంది లాగే వయసులో ఉన్నప్పుడు హైదరాబాద్‌కు వలస పోయినవాడు. కోఠి సందుల్లో ఒక బైండింగు షాపులో పని దొరికింది. పగలంతా కుట్టిన పుస్తకాలను రాత్రి అక్కడే పడుకుని చదివేవాడట. ఊరికి తిరిగొచ్చాక మిషన్ పెట్టుకుని బట్టలు కుడుతున్నాడు. పుస్తకాలు మాత్రం చేత్తోనే కుడతాడు, డబ్బు తీసుకోడు. ఎవరింటి అటక మీద పుస్తకం చిరిగి పడి ఉన్నా తెచ్చి ఇవ్వమంటాడు. బాగుచేసి వాళ్లదే వాళ్లకు ఇస్తాడు గానీ, ముందు అరుగు మీద ఒక చుట్టు తిరిగి రావాలన్నది ఆయన షరతు.

పొద్దుగూకాక ఆ అరుగు మీదికి ఒక్కొక్కరే చేరతారు. వచ్చినవాళ్లను మాస్టరు అడిగే మాట ఒకటే: "ఏం బుక్కు నడుస్తున్నది?" జవాబు చెప్పక తప్పదు. ఎక్కడిదాకా వచ్చారో, ఏది మనసుకు పట్టిందో, ఎక్కడ ఆగిపోయారో చెప్పాలి. ఎవరైనా "బాగున్నది" అని ఊరుకుంటే ఆయన ఊరుకోడు. "బాగున్నదంటె సరిపోదు బిడ్డా. యాడ బాగున్నదో చెప్పు" అంటాడు. ఏమీ చదవలేదన్నవాళ్లను ఒక్క మాట కూడా అనడు. పక్కన కూర్చోబెట్టి వినమంటాడు.

ఆ సాయంత్రం నన్ను తీసుకెళ్లిన సారు దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ మళ్లీ చదువుతున్నానని చెప్పారు. కాలేజీ రోజుల్లో సారంగపాణి కోసం, ఆ సంగీతం కోసం చదివారట. ఇప్పుడు మాత్రం గడీలో వెట్టి చేసే మనుషులే కళ్ల ముందు నిలుస్తున్నారట. "అప్పుడు వాళ్లను దాటుకుంట పోయిన. అదే పుస్తకం, అవే పేజీలు" అన్నారు. అచ్చంపేటలో డిగ్రీ చదివే అమ్మాయి చేతిలో ‘ఏడు తరాలు’ ఉంది. అలెక్స్ హేలీ 1976లో రాసిన ‘రూట్స్’కు సహవాసి గారి తెలుగు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తొలినాళ్లలో, 1980లో, వేసిన పుస్తకం. ఆ అమ్మాయి కథ చెప్పడం మొదలుపెట్టింది. గాంబియాలో ఒక ఊరి పిల్లవాడు కుంటా కింటే ఢోలు చేసుకోవడానికి చెట్టు కొట్టబోయి తెల్లవాళ్లకు చిక్కుతాడు. ఓడ అడుగున గొలుసులతో సముద్రం దాటిస్తారు. పదే పదే పారిపోతున్నాడని పాదం నరికేస్తారు.

అరుగు చివర కూర్చున్న ముసలాయనకు చదువు రాదు. పడుచుతనంలో గుంపు మేస్త్రి వెంట డ్యాము పనులకు రాష్ట్రాలు దాటి తిరిగిన మనిషి. అడ్వాన్సు తీసుకున్నవాడు నడిమధ్యలో ఇంటికి వస్తే మేస్త్రి మనుషులు ఎట్లా మీదికి వచ్చేవారో, అమ్మ చచ్చిపోయిన కబురు ఎన్నాళ్లకు అందిందో అమ్మాయి కథ నడుమనే ఆయన చెప్పుకొచ్చాడు. "బానిస అని మమ్మల్ని ఎవ్వరనలే బిడ్డా. కూలి అన్నరు. కానీ రానియ్యలే" అన్నాడు. కాసేపాగి, "ఆ పిలగాడు మళ్ల ఊరు జేరిండా?" అని అడిగాడు.

"లేదు తాతా. ఆయన చేరలే. కానీ వాళ్ల ఊరి నది పేరు, ఇంకా రెండు మూడు మాటలు బిడ్డకు చెప్పిండు. ఆమె తన పిల్లలకు చెప్పింది. అట్ల చెప్పుకుంట చెప్పుకుంట ఏడో తరంల ఒకాయన ఆ మాటలు పట్టుకొని ఊరు వెతుక్కుంట పోయిండు. గాయనే ఈ బుక్కు రాసిండు."

"అయితె చెప్పుడు ఆపలేదన్నట్టు" అన్నాడు ముసలాయన.

‘ఏడు తరాలు’ మీద నేను చాలా సమీక్షలు చదివాను. పాలమూరు వలస కూలీ ఒకాయన ఆ పుస్తకానికి పెట్టిన ఈ చేర్పు మాత్రం ఎక్కడా చదవలేదు. ఆ అమ్మాయి హాస్టల్ గదిలో ఒక్కతే చదువుకుని మూసేస్తే ఆ పుస్తకం ఆఫ్రికా దగ్గరే ఆగిపోయేది. అరుగు మీద చెప్పినందుకు బల్మూర్‌ దాకా వచ్చింది.

అంతసేపూ పక్కన మౌనంగా కూర్చున్న కుర్రవాడు కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతున్నాడు. వెళ్లబోయే ముందు పక్కవాడితో చెప్పుకున్న మాట నా చెవిన పడింది. "బుక్కు పట్టుకొని కూసుంటె అందరు ఒకటే అడుగుతరు, నోటిఫికేషన్ పడ్డదా అని. మొన్న నవల చదువుతుంటె మా నాయిన, గిది సిలబస్‌ల ఉన్నదా అన్నడు. ఏముందిరా దాంట్ల అని ఇప్పటిదాంక ఒక్కడు అడగలె."

నన్ను ఇప్పటికీ వదలని మాట అది. ఆ తండ్రిని తప్పుపట్టలేను. నీళ్లు లేక, పని లేక తరాల తరబడి వలసపోయిన నేల ఇది. ఇంట్లో ఒక్కరికి సర్కారు ఉద్యోగం వస్తే ఆ కుటుంబం బస్సెక్కే అవసరం తప్పుతుంది. పరీక్షల పుస్తకాలు పట్టుకుని రోజంతా కూర్చునే పిల్లలంటే నాకు గౌరవం. నా కోపం వేరేచోట ఉంది. చదువుకునే ఈడు పిల్లవాడికి పుస్తకం గురించి రెండు ప్రశ్నలే వినిపించే లోకాన్ని మనం తయారుచేశాం: ఏ పరీక్షకు, ఎన్ని మార్కులకు. ఆ పరీక్ష అయిపోయాక అతను మళ్లీ పుస్తకం ముట్టుకోకపోతే ఈ తరం చదవడం లేదని పత్రికల్లో వ్యాసాలు రాస్తాం.

జినుకుంట కూడా వెళ్లాను. ఊరి పెద్దలు లింగమూర్తి గారి పేరు ఎత్తగానే ఆప్యాయంగా మాట్లాడారు. పెద్ద పండితుడనీ, మా ఊరివాడేననీ చెప్పారు. ఆయన పుస్తకం ఒక్కటైనా చూపించమని నేను అడిగిన ఇళ్లలో ఎవరి దగ్గరా లేదు. ఆడుకుంటున్న పిల్లలకు ఆ పేరే తెలియదు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు మరి. పాలమూరులో ఏ గుడి ఏ గుట్ట మీద ఉందో, దాని వెనక ఏ కథ ఉందో జీవితమంతా సేకరించి పెట్టిన మనిషి పుట్టిన ఊళ్లో ఆయన రాసినది చేతికి అందదు. సన్మానాలు చేశాం, ఫొటోలకు దండలు వేశాం. పుస్తకాన్ని చేయి మార్చుకోవడం, దాని గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మాత్రం మరిచాం. ఏ రచయితకైనా చావు అప్పుడు వస్తుంది.

మన ప్రాంతంలో గ్రంథాలయాలు పుట్టిన తీరు చూస్తే ఇది ఎంత పెద్ద నష్టమో తెలుస్తుంది. 1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో. కొమర్రాజు లక్ష్మణరావు గారి వంటివాళ్లు అక్కడ కూడింది బీరువాలు నింపడానికి మాత్రమే కాదు. తెలుగులో చదివి తెలుగులో మాట్లాడుకునే చోటు నిజాం రాజ్యంలో కరువై కూడారు. సభ పెట్టుకోవాలంటే అనుమతి కావలసిన రోజుల్లో పుస్తకం చుట్టూ చేరిన నలుగురే ఒక సభ. ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చేసిన పుస్తకాలు సంచిలో వేసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. అలా నడిచి వచ్చి అమ్మే మనిషి పుస్తకంలో ఏముందో చెప్పకుండా ఎలా అమ్ముతాడు? అటు కోస్తాలో పాతూరి నాగభూషణం గారు 1935లో పడవలో పుస్తకాలు పెట్టి కాలువ గట్ల ఊళ్లకు తీసుకెళ్లారు. ఈ ఉమ్మడి పాలమూరు బిడ్డ, ఇప్పటి గద్వాల జిల్లా బోరవెల్లిలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు, తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఊరూరా ఎవరు ఏం రాస్తున్నారో, ఏం చదువుతున్నారో వాకబు చేసే మనుషులు ఉండబట్టే ఆ సంచిక సాధ్యమైంది.

మరి ఇప్పుడు? 1960 నాటి గ్రంథాలయ చట్టం పుణ్యాన మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాల కోసమే వసూలు చేస్తారు. భవనాలు, బల్లలు, ఫ్యాన్లు, పరీక్షల పుస్తకాలు ఆ డబ్బుతో వస్తాయి. అవన్నీ కావలసినవే. పుస్తకాలు ఎన్ని కొన్నారో, ఎన్ని ఇచ్చారో, ఎన్ని తిరిగి వచ్చాయో రిజిస్టరులో ఉంటుంది. తీసుకెళ్లినవాడు ఏమన్నాడో రాసే గడి అందులో లేదు. మాస్టరు వేసే నాలుగు తెల్ల కాగితాలు ఆ గడి. ‘ప్రజల మనిషి’ పాత కుట్టు విప్పినప్పుడు వెనక మిగిలిన కాగితాలు నాకు చూపించాడు. మా నాయనమ్మ చెప్పిన వెట్టి ఇదేనని, ఆమెకు చదివి వినిపిస్తే ఏడ్చిందని ఒకరు రాశారు. కంఠీరవం లాంటోడు మా ఊళ్ల ఒక్కడున్నా బాగుండునని ఇంకొకరు. ఇంకో చేతిరాత, బహుశా స్కూలు పిల్లవాడిది, కొన్ని పేజీలు అర్థం కాలేదని, అర్థమైనవాళ్లు చెప్పాలని కోరుతోంది. దాని కిందే వేరే సిరాతో ఎవరో ఓపికగా జవాబు రాశారు. ఆ ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదట.

"ఈ కాగితాలు కూడా తీసెయ్యలేదే?" అన్నాను.

"బుక్కుల అదే కొత్త సంగతి గదా సార్. కథ ఎప్పటిదో. రాసినోళ్లు ఇప్పటోళ్లు" అన్నాడు మాస్టరు. వాటిని కూడా చివరి ఫారం చేసి కుట్టాడు.

ఒక దర్జీ తన అరుగు మీద చేయగలిగిన పనిని మండలానికొక గ్రంథాలయం ఎందుకు చేయకూడదు? వారానికి ఒక సాయంత్రం ఒక గంట చాలు. వచ్చినవాళ్లు తాము చదువుతున్నది చెప్పాలి, చదవలేనివాళ్లు వినాలి. పరీక్షల పిల్లలు కూడా ఆ గంట సిలబస్ మూసేసి కూర్చోవాలి. ఇంటిపన్నుతో వచ్చే గ్రంథాలయ సెస్సు డబ్బులో కొంత ఆ గంటకు, కొంత ఆ జిల్లా రచయితల పుస్తకాల పునర్ముద్రణకు కేటాయించాలి. కొనే ప్రతి పుస్తకం చివర నాలుగు తెల్ల కాగితాలు వేయించాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు. అడిగే మనిషి ఒకడు కావాలి.

2028 మార్చి 31కి కపిలవాయి లింగమూర్తి గారికి నూరేళ్లు నిండుతాయి. జిల్లా కేంద్రంలో సభ జరుగుతుంది, మంచిదే. కానీ ఆ రోజుకల్లా జినుకుంటలో, బల్మూర్‌లో, కొండనాగులలో, మండలంలోని ప్రతి బడిలో ‘పాలమూరు జిల్లా దేవాలయాలు’ ఒక ప్రతి ఉండాలి. దాన్ని చదివిన పిల్ల లేచి నిలబడి, మా ఊరి గుడి సంగతి ఇందులో ఇట్లా ఉంది, మా అవ్వ అట్లా చెప్పింది, ఏది నిజం అని అడగాలి. ఆయనకు అంతకన్నా పెద్ద సన్మానం నేను ఊహించలేను. అంతదాకా ఆగనక్కర్లేదు కూడా. ఈ కథనం చదివినవాళ్లు ఈ రోజే ఇంట్లోనో, బస్సులోనో, ఆఫీసులోనో చేతిలో పుస్తకం ఉన్న మనిషి కనిపిస్తే ఏ పరీక్షకని అడగకండి. అందులో ఏముందో అడగండి, చెప్పేదాకా వినండి, ఆపైన మీరు చదువుతున్నది చెప్పండి.